గాజుల ఖాలా కూసున్న చోట్లు

మొన్న మా అత్తమ్మ బాత్రూంలో పడింది. పెద్ద దెబ్బేం కాదు. మోచెయ్యి గీరుకుపోయింది, నడుము పట్టేసింది, అంతే. చప్పుడు విని నేను కుట్టు మిషను దగ్గర నుంచి లేచి ఉరికాను. తలుపు తోసి చూస్తే మగ్గు ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు.

"పడ్డవా అత్తమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూడలేదు. చీర మోకాళ్ల మీదికి లాక్కుంటూ, "పడలే. కూసున్న" అంది.

తడి బండ మీద, బకెట్‌కు భుజం ఆనించి, ఒక కాలు తలుపు సందులోకి పోయేట్టు ఎవరైనా కూర్చుంటారా? వేరే అప్పుడైతే నవ్వేదాన్నే. లేపి, తుడిచి, మంచం మీద పడుకోబెట్టాను. "వానికి ఫోన్ల చెప్పకు, ఆడ పరేషానైతడు" అంది. వాడంటే మా ఆయన, దుబాయ్‌లో ఉంటాడు. చెప్పనని అన్నాను. మరునాడు మిస్త్రీని పిలిపించి, పట్టుకోవడానికి గోడకు ఒక రాడ్డు పెట్టించాను. రెండు రోజులకు చూస్తే దాని మీద లంగా ఆరేసి ఉంది. "మంచిగ పనికచ్చిందే" అంది.

నవ్వు రాకపోవడానికి కారణం ఉంది. "పడలే, కూసున్న." అచ్చం ఈ మాటే, ఇట్లాగే మొహం తిప్పుకొని, మా కోరుట్లలో గాజులమ్మే ఒక ముసలామె అనేది. ఆమె చనిపోయి ఏడాది దాటింది. ఆ మాట ఇన్నాళ్లకు మా ఇంట్లోనే వినేసరికి, ఎవరో నలుగురిలో నన్ను నిలబెట్టి చూస్తున్నట్టు నా మొహమంతా వేడెక్కింది.

ఆమెను అందరం గాజుల ఖాలా అనేవాళ్లం, ఉర్దూలో ఖాలా అంటే చిన్నమ్మ. అసలు పేరు ఒకసారి ఆస్పత్రిలో పిలిస్తే విన్నాను, విని ఇంకెవరినో అనుకున్నాను. ఇక్కడ రాయను. ఆ పేరుతో మా వాడకట్టులో ఎవరు పిలిచినా ఆమె తిరిగి చూసేది కాదు.

ఖాలా వస్తుందంటే మనిషి కంటే ముందు మాటలు వినబడేవి. మా గోడలను పొగుడుతూ వచ్చేది. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో, ఎంత మంచి మనసు ఈమెది అనుకున్నాను. పక్కింటి గోడ మీద చెయ్యి పెట్టి, "రంగు మస్తుగ ఏపిచ్చిండ్రు బిడ్డా" అనేది. నాలుగు అడుగులు వేసి మా గేటు పట్టుకుని, కొంచెం ఊపి చూసి, "గట్టిగున్నది, ఎవరు జేసిండ్రు" అనేది. మా ఆయన వదిలిపోయిన పాత బండి వాకిట్లో దుమ్ము కొట్టుకొని ఉండేది. దాని సీటు మీద చెయ్యి ఆనించి, వచ్చినప్పుడల్లా "కొత్తదా" అనేది. మా అత్తమ్మ ప్రతిసారీ మురిసిపోయేది. "ఏడ కొత్తది ఖాలా, ఎన్నేండ్లాయె" అనేది కానీ, ఆ రోజు చాయ్‌లో పాలు ఎక్కువ పోసేది.

పిల్లలు కనబడితే మరీ. దగ్గరికి పిలిచి, నెత్తి మీద చెయ్యి పెట్టి దువా చదివేది. పిల్లలు కదలకుండా నిలబడినంతసేపు ఆ దువా సాగేది. మా వాడకట్టులో అన్ని కులాల పిల్లలకూ ఖాలా దువా ఉంది. అందులోనూ ఆమె నడుముకు వచ్చేంత ఎత్తున్న పిల్లలకు ఎక్కువ ఉంది.

మెట్లు ఎక్కేది కాదు. మా దగ్గర గల్ఫ్ పైసలతో కట్టిన ఇళ్లన్నీ ఎత్తుగా ఉంటాయి. రోడ్డు పోసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, వాన నీళ్లు ఇంట్లోకి రావద్దని ఇంకా ఎత్తుగా కడతారు, పైన నల్ల గ్రానైటు వేస్తారు. అద్దం లాగా మెరుస్తుంది. పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పెడితే షో పోతుందట. ఖాలా రోడ్డు మీదే నిలబడి పిలిచేది. "బిడ్డా, కిందికి రా. ఎండల రంగు తేటగ కనవడ్తది." మేం దిగి వచ్చేవాళ్లం. ఎండలో నిజంగానే రంగు బాగా కనబడేది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

కిందికి కూర్చుంటే మాత్రం లేచేది కాదు. గాజులు వేయడం అయిపోతుంది, మలారం, అంటే గాజుల తోరాలు, మూట కట్టడం అయిపోతుంది, అయినా కూర్చునే ఉండేది. ముందు మంచినీళ్లు అడిగేది. తర్వాత మా అమ్మ సంగతి అడిగేది. తర్వాత కూరేం వండిండ్రని అడిగేది. నాకు మాటలంటే పిచ్చి, కాబట్టి నాకోసమే కూర్చుంటుందని అనుకునేదాన్ని. మోకాళ్లు పట్టు వదిలే దాకా ఆమెకు టైం కావాలని, ఆ టైం మాటలతో నింపుతుందని నాకు తోచలేదు.

తెలిసింది కుట్టు మిషను వల్లనే. నేను పది తప్పాను. జాకెట్లు కుడతాను, చీరలకు పీకో చేస్తాను, ఫాల్స్ వేస్తాను. చీర కుచ్చిళ్ల కింద లోపలి వైపు కుట్టే గుడ్డ పట్టీ ఉంటుంది కదా, అదే ఫాల్. మా వాడకట్టులో ఫాల్ అంటే ఇంకో అర్థం లేదు. ఒక రోజు ఖాలా తన బుర్ఖా తెచ్చి, "కింద నాలుగు వేళ్లంత కత్తిరిచ్చి మడత కుట్టు. దుమ్మైతుంది" అంది. కుట్టిచ్చాను. కొన్ని రోజులకు మళ్లీ తెచ్చింది.

"ఇంకింత పొట్టిగ చెయ్యి."

"ఇంక పొట్టిగైతే కాళ్లు కనవడ్తయ్ ఖాలా."

"కనవడనీ. ఈ వయసుల నా కాళ్లెవడు సూస్తడే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె పోయాక బుర్ఖాను తిప్పి పట్టుకున్నాను. కింది అంచు లోపలి వైపు చెప్పు తట్టుకొని చినిగిన గాట్లున్నాయి. ఒక పక్క తుంటి దగ్గర మట్టి మరక, ఉతికినా పోనిది. మోకాలి దగ్గర గుడ్డ అరిగి జాలీ అయింది. గుడ్డ చూస్తే మనిషి ఎట్లా కూర్చుంటుందో, ఎటు ఒరుగుతుందో కుట్టేవాళ్లకు తెలిసిపోతుంది. మర్నాడు బుర్ఖా తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను.

"ఖాలా, పడ్డవా?"

ఆమె మొహం తిప్పుకొని సూదుల డబ్బాను చూస్తూ, "పడలే. కూసున్న" అంది.

ఆ తర్వాత నేను కనిపెట్టడం మొదలుపెట్టాను. ఆమె కూర్చున్న చోట్లు ఊరంతా ఉన్నాయి. పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంత పక్కన కూర్చుంది. ఎందుకంటే, చెప్పు తెగిందట. కూరగాయల మార్కెట్‌లో కూర్చుంది. ఎండ ఎక్కువైందట. షేర్ ఆటో దిగుతూ దిగుతూ రోడ్డు మీద కూర్చుంది. "ఏంది ఖాలా, గీడ కూసున్నవ్?" అని ఆటో అతను అడిగితే, "నీ ఆటోల కూసుండ జాగా ఇచ్చినవా? అందుకే గీడ కూసున్న" అందట. ఆటోలో ఉన్నవాళ్లంతా నవ్వారని అత్తమ్మ వచ్చి చెప్పింది. నేనూ నవ్వాను. మాటకు మాట అట్లా ఉండేది ఆమె దగ్గర.

గాజులమ్మే మనిషికి కొన్ని మాటలు నోట రావొద్దు. గాజు పగిలింది అనరు, పెరిగింది అంటారు. మా ఇళ్లల్లోనూ అంతే, ఆడపిల్ల చేతి గాజు చిట్లితే పెరిగిందనే అంటాం. ఖాలా ఆ రివాజును తన ఒంటికి కూడా పెట్టుకుంది. పెట్టుకోక ఏం చేస్తుంది? అంతకు ముందు ఇంకో గాజులామె ఉండేదట. ఎవరి పెళ్లి పందిట్లోనో కాలు మెలిక పడి మలారంతో సహా బోర్లా పడిందట. అప్పటి నుంచి ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ కథ మా ఎదురింటి పెద్దమ్మ ఖాలా ముందరే చెప్పింది, ఖాలా ఆమె చేతికి గాజులు ఎక్కిస్తుండగానే.

"పెండ్లి పూట గాజులు పెరిగినంక ఇంకేమున్నది. గసొంటోళ్లతోని కడుపుతోని ఉన్న పిల్లలకు గాజులేపిచ్చుకుంటమా?" అంది పెద్దమ్మ.

"ఏపిచ్చుకోవద్దు మరి" అంది ఖాలా, తల ఎత్తకుండా. "చెయ్యి మెత్తగ పెట్టమ్మా, బిగవట్టకు."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆమెకు ఆ గాజులు తప్ప వేరే పని రాదు. పిలుపులు ఆగితే, సిరిసిల్లలో బిడ్డ ఇంటికి పోయి ఒక మూల కూర్చోవాలి. "అల్లుని ఇంట్ల బువ్వ తినుడు నాతోని గాదు బిడ్డా" అని ఎప్పుడో అంది. అందుకే ఆమె పడేది కాదు. కూర్చునేది.

నాకు ఏడో నెలలో శ్రీమంతం చేశారు. అత్తమ్మ ఖాలానే పిలిచింది. పొద్దున మెట్లు కడిగి ముగ్గేశారు. నేను పట్టుచీర కట్టుకొని, జడ నిండా పూలు పెట్టుకొని, కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఖాలా రోడ్డు మీద నిలబడి పిలవలేదు. శ్రీమంతం కదా, లోపల పీట వేసి ఉంటుంది, ఎక్కక తప్పదు. గేటు దగ్గర చెప్పులు విడిచింది. పట్టుకోవడానికి ఏమైనా ఉందా అన్నట్టు అటూ ఇటూ చూసింది. బండి మీద ఎవరో చద్దర్ ఆరేశారు. పిల్లలంతా లోపల కేసరి తింటున్నారు. రెండు మెట్లు ఎక్కింది.

ముందు గాజుల చప్పుడే వినబడింది. మనిషి పడిన చప్పుడు దాని కింద కలిసిపోయింది. పక్కకు ఒరిగి, మెట్టు అంచు తుంటికి తగిలి, కిందికి జారింది. కిటికీలో నేను తప్ప ఎవరూ చూడలేదు. లేచి ఉరకాలి కదా. కడుపుతో ఉన్నాను, ఒళ్లో పూలు, పండ్లు, ఎట్లా లేవాలో అర్థం కాలేదు. నేను లేచేలోపే ఆమె పగిలిన ముక్కలను రెండు చేతులతో ఊడ్చి బుర్ఖా ఒడిలో వేసుకుంది. మలారం గుడ్డ కింది మెట్టు మీద పరిచింది. మిగిలిన గాజులు రంగుల వారీగా పెట్టి, బుర్ఖా సరిచేసుకొని, పొద్దటి నుంచీ అక్కడే కూర్చున్న మనిషిలాగా పిలిచింది.

"వదినా, అందరిని ఈడికే తోలియ్యి. లోపల రంగు తేటగ కనవడది."

అత్తమ్మ గడపలోకి వచ్చింది. "లోపల ట్యూబులైట్లున్నయ్ గదా ఖాలా, పీట గూడ ఏసిన."

"ట్యూబులైటు కింద పచ్చ గాజులు నల్లగ కొడ్తయ్. శ్రీమంతానికి నల్లగాజులేస్తరా?"

అత్తమ్మ ఏదో అనబోయింది. ఖాలా కళ్లెత్తి కిటికీ వైపు చూసింది. ఆ చూపును ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. బతిమిలాడడం కాదు. లంగా జారిన ఆడమనిషి ఇంకో ఆడమనిషిని ఎట్లా చూస్తుందో అట్లా చూసింది.

"ఔ అత్తమ్మా, లోపల నాకు ఉక్కపోస్తుంది. బయటనే కూసుంట" అన్నాను.

పీట బయటికి వచ్చింది. కుర్చీలు వచ్చాయి. అక్షింతల పళ్లెం, పండ్ల బుట్టలు, అన్నీ గేటు బయటికి వచ్చాయి. ఒక ఆటో దారి లేక ఆగి హారన్ కొడితే, ఎదురింటి పెద్దమ్మ, "ఆగు బాబూ, లోపల ఉక్కపోస్తుందట మా కోడలికి" అని అందరినీ నవ్వించింది. ఖాలా నా చెయ్యి పట్టుకొని సబ్బు నీళ్లు రాసింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. బొటనవేలు మొదట్లో గాజు గుచ్చుకున్న చోట రక్తం సబ్బు నురుగులో గులాబీ రంగై కనిపించింది. బుర్ఖా అంచుతో తుడిచేసింది. ఒక్క గాజు కూడా చిట్లకుండా నా రెండు చేతులకూ ఎక్కించింది.

"సూసినవా?" అంది, నాకు మాత్రమే వినబడేట్టు.

"సూడలే ఖాలా."

"మంచిది."

అందరూ పోయే దాకా ఆమె ఆ మెట్టు మీది నుంచి కదలలేదు. అన్నం అక్కడికే తెప్పించుకుంది. చివరికి నన్ను కూడా లోపలికి పొమ్మంది. పోయి మళ్లీ కిటికీలోంచి చూశాను. మెట్టు పట్టుకొని, గేటు పట్టుకొని, పక్కింటి గోడ పట్టుకొని పోయింది. వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ రోజు దేనినీ పొగడలేదు.

కొన్ని రోజులకు వచ్చి, "కాలు గుంజుతుంది బిడ్డా, ఎక్కడన్న సూపియ్యి" అంది. కోరుట్లలోనే చూపిద్దామన్నాను. "ఇక్కడొద్దు. ఆస్పత్రిల మందులిచ్చే పిల్లకు నేనే పెండ్లి గాజులేసిన. ఊరంత చెప్తది" అంది. నాకు జగిత్యాలలో చెకప్ ఉంది, ఇద్దరం కలిసి బస్సెక్కాం. ఎక్కాం అంటే, ఆమె ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి సంచిలో ఏదో వెతుకుతున్నట్టు చేస్తుంది, కండక్టర్ జల్ది జల్ది అంటున్నాడు, నేను నా కడుపు పట్టుకొని వెనక నుంచి ఆమెను నెడుతున్నాను. సీట్లో కూలబడ్డాక, "నేను నిన్ను ఎక్కియ్యాలె గాని, నువ్వు నన్ను ఎక్కియ్యవడితివి" అని నవ్వి, నవ్వు మధ్యలోనే కాలు పట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టర్ చిన్న పిల్లవాడు, మంచివాడు. బయట మనుషులు నిండిపోయి ఉన్నారు. మోకాలు వంచి చూసి అడిగాడు. "ఈ మధ్య ఫాల్ ఏమైనా అయిందా అమ్మా?"

ఖాలా వెంటనే నన్ను చూపించింది. "ఫాలా సారూ? గీ పిల్లనే ఏస్తది. మస్తు సాఫుగ కుడ్తది. మీ ఇంట్ల అమ్మవి చీరెలుంటే పంపుండ్రి."

నేను పకపకా నవ్వాను. డాక్టర్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక ఆయన కూడా నవ్వాడు. నర్సు నవ్వింది. ఆ నవ్వుల్లో ఇంకో ముసలాయనను లోపలికి తెచ్చారు. డాక్టర్ అరుగుదల అని చెప్పి, గోలీలు, పూసుకోవడానికి మందు రాసిచ్చాడు. నాకు మంచి గిరాకీ చూపించింది ఖాలా అని నవ్వుకుంటూనే బయటికి వచ్చాను.

తిరుగు బస్సులో మందుల చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది ఆమె. తర్వాత కిటికీ బయటికి చూస్తూ అంది. "ఇంగ్లీషుల ఫాల్ అంటే పడుడు బిడ్డా. నా మనుమరాలు సదువుతుంటే విన్న."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఎక్స్‌రే ఫోటో తీస్తమంటరు. మంచం మీద పండుమంటరు. పెండ్లిళ్ల దినాలు. ఎట్ల పండుత?"

బస్సు దిగి వెనక్కి తిరిగి ఇంకో బస్సెక్కి, సారూ, ఈమె పడింది అని చెప్పొచ్చు. అదేం పెద్ద పని. కానీ నాకు ఆమె సిగ్గు కాపాడడమే ప్రేమ అనిపించింది. కోరుట్లలో దిగాక, ఎవరూ చూడకుండా ఆమె చెయ్యి నా చెయ్యి కింద పెట్టుకొని నడిపించాను. దూరం నుంచి చూస్తే, కడుపుతో ఉన్న పిల్లను ముసలామె పట్టుకొని నడిపిస్తున్నట్టే ఉంది. అట్లా కనబడాలనే నడిచాం.

తర్వాత నేను కాన్పుకు మా అమ్మవాళ్ల ఊరికి పోయాను, కోనరావుపేట దగ్గర. పాప పుట్టింది. అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు ఒకసారి చెప్పింది. "ఖాలాకు కాలు నొప్పని బిడ్డ అచ్చి సిరిసిల్లకు తీస్కపోయింది. ఆడ బండల మీద జారి పడ్డదట. తుంటి ఇరిగిందట. ఆపరేషనైంది. సూసినవా, మన దగ్గరున్నన్ని దినాలు ఒక్కనాడన్న పడ్డదా?"

 పాప ఏడుస్తుందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాప పడుకొనే ఉంది.

మా ఊరి నుంచి సిరిసిల్ల దగ్గరే. పాపకు మెడ నిలిచాక, షేర్ ఆటోలో పోయాను. ఆ వీధిలో రెండు పక్కలా మరమగ్గాలే. ఆ టకటక లోపల ఎదుటి మనిషి మాట కూడా పెదాలు చూసి తెలుసుకోవాల్సిందే. ఖాలా బిడ్డ వాకిట్లోనే నూలు కండెలు చుడుతుంది. ఆపా అని, అంటే అక్కా అని, పిలిచి నేను ఎవరో చెప్పగానే లోపలికి తీసుకుపోయింది. తలుపు వేస్తే చప్పుడు కొంచెం తగ్గింది. ఇంట్లో బండల మీద అంతటా పాత చీరలు, గోనె సంచులు పరిచి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. నా కాలే రెండుసార్లు వాటిలో తట్టుకుంది.

ఖాలా మంచం మీద కూర్చొని ఉంది. నన్ను చూడగానే బాగున్న కాలుతో ఏదో మంచం కిందికి తోసింది. స్టీలు కాళ్లు, రబ్బరు తొడుగులు. పట్టుకొని నడిచే వాకర్.

"గదేంది ఖాలా?"

"ఏం లే. బట్టలారేసే స్టాండు."

పాపను ఒళ్లో పెట్టాను. వెంటనే మణికట్టు పట్టుకొని ఒత్తి చూసింది. "మెత్తటి చెయ్యి" అంది. తల్లీబిడ్డలు ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, నేనున్నానని తెలుగులో మాట్లాడారు. అందుకని ఆ రోజు అన్నీ నాకు అర్థమయ్యాయి.

ఆపా చాయ్ తెచ్చి, నా పక్కనే కింద కూర్చుంది. అడగకుండానే మొదలుపెట్టింది. "నేను తుడిచిన బండల మీదనే జారింది చెల్లే. గప్పటి నుంచి ఇంట్ల నీళ్లు పెట్టి తుడుస్తలేను. మా ఆయన బువ్వ తిన్నప్పుడల్లా అంటడు, మీ అమ్మను నువ్వే పడగొట్టినవని. ఇంటికి ఎవరచ్చినా గదే చెప్తడు."

ఖాలా పాప వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూస్తుంది.

"ఆపరేషన్ చేసిన డాక్టర్, ఎముకకు ముందుగాలనే పగులున్నట్టున్నది, ఎక్కడన్న పడ్డదా అని అడిగిండు. లేదన్న. మా అమ్మ ఎన్నడు పడలే, గాజులు పట్టుకొని ఊరంత తిరిగిన మనిషి అన్న." ఆపా నా వైపు తిరిగింది. "మీ వాడకట్టులనే ఎక్కువ తిరిగేది గదా. నీకేమన్న ఎరుకనా?"

చాయ్ గ్లాసు నా చేతిలో ఉంది. ఎరుకేనని చెప్తే ఖాలా దాచుకున్నది ఆమె ముందరే విప్పినట్టు. లేదని చెప్తే ఆపా తన మొగుని ముందు రోజూ తల దించుకొని అన్నం పెట్టాలి. నేను ఖాలాను చూశాను. ఆమె నన్ను చూడలేదు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"దాన్నడుగకు" అంది ఖాలా. "నేను చెప్త."

పాపను నా చేతికిచ్చింది. మోకాళ్ల మీద దుప్పటి సరిచేసుకుంది.

"నీ బండల మీద గాదే. కోరుట్లల పడ్డ. వీళ్ల మెట్ల మీద, గాజుల మీదనే పడ్డ. గంతకు ముందు గూడ పడ్డ. మార్కెట్‌ల పడ్డ, ఆటోల నుంచి పడ్డ. శాన సార్లు పడ్డ."

బయట మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. ఆపా ముందు నన్ను చూసింది.

"నువ్వు సూసినవా?"

"సూసిన ఆపా."

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. తల్లి వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది. "గిన్ని దినాలు నేను మాటలు పడ్తుంటే గీ మంచం మీద కూసొని విన్నవు గదమ్మా."

"సిగ్గైంది బిడ్డా" అంది ఖాలా.

ఆపా లేచి వెళ్లింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. బకెట్‌తో నీళ్లు తెచ్చింది. పరిచిన పాత చీరలు, గోనె సంచులు ఒక్కొక్కటే లాగి మూలకు విసిరింది. గుడ్డ ముంచి, పిండి, బండలు తుడవడం మొదలుపెట్టింది. మంచం కింద తుడవడానికి వంగి, ఆ వాకర్ బయటికి లాగి మా ఇద్దరి ముందరే నిలబెట్టింది. ఖాలా దాని వైపు చూడకుండా, "ఆరేదాక ఎవ్వరు లేవద్దు" అంది. మేం ముగ్గురం, పాపతో నలుగురం, బండలు ఆరే దాకా కూర్చున్నాం.

నేను పోతానని లేచినప్పుడు ఖాలా, "నిలువు, సాగనంపకుంట ఎట్ల" అంది. వాకర్ పట్టుకుంది. ఆపా వెనక నిలబడింది, పట్టుకోలేదు, చేతులు మాత్రం దగ్గరగా పెట్టింది. ఒక్కో అడుగు వేస్తూ గడప దాకా వచ్చింది. తలుపు తెరవగానే మగ్గాల చప్పుడు మొహం మీదికి వచ్చింది. ఎదురుగా అరుగు మీద కండెలు చుట్టే ఒకామె తల ఎత్తి చూసింది. ఖాలాను ఆమె ఆ వాకర్‌తో చూడడం అదే మొదటిసారిలాగుంది.

"ఏమైంది ఖాలా, కనవడ్తలేవు?" అని కేకేసింది.

"పడ్డనమ్మా" అంది ఖాలా.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. వినబడలేదు.

"పడ్డ" అంది మళ్లీ, కొంచెం గట్టిగా.

"ఆఁ?"

ఖాలా వాకర్ రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, ఊపిరి తీసుకొని, మెడ నరాలు తేలేట్టు అరిచింది. "పడ్డా. పడ్డా అంటున్న."

పక్కింటి తలుపులోంచి ఇద్దరు తొంగిచూశారు. నేను పాప టోపీ దారాలు విప్పి మళ్లీ కట్టాను, మళ్లీ విప్పాను. ఆ వీధి చివర ఆటో వచ్చే దాకా తల ఎత్తలేదు.